పంటీ: గాజు ఊదే పనిలో ఈ మాటకు అర్థం, వాడుక – తరచుగా అడిగే ప్రశ్నలు

గాజు ఊదడం కొత్తగా నేర్చుకునేవాళ్లూ, పాత సీసాలు సేకరించేవాళ్లూ ఒకే మాట దగ్గర తికమకపడుతుంటారు. ఒకరికి పంటీ అంటే చేతిలో పట్టే కడ్డీ, ఇంకొకరికి సీసా అడుగున కనిపించే మచ్చ. మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలను పని సాగే వరుసలో ఇక్కడ పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మాట గురించి

పంటీ అంటే అసలు ఏమిటి? ఎందుకు కావాలి?

ఊదిన గాజు పాత్రను అడుగు వైపు నుంచి పట్టుకునే ఇనుప కడ్డీని పంటీ అంటారు. ఊదుగొట్టం మీద ఉన్నంతసేపు పాత్ర మూతి ఆ గొట్టానికే అతుక్కుని ఉంటుంది. కాబట్టి మూతి వెడల్పు చేయడం, అంచు కత్తిరించడం, పెదవి తిప్పడం ఏదీ కుదరదు. అందుకే కడ్డీ కొనకు కొద్దిగా కరిగిన గాజు తీసుకుని పాత్ర అడుగు మధ్యలో అంటిస్తారు. తర్వాత ఊదుగొట్టం దగ్గర మెడను విరగ్గొడతారు. అప్పుడు పాత్ర కడ్డీ మీదికి వస్తుంది, మూతి పనివాడికి అందుబాటులోకి వస్తుంది. మూతి పని ముగిశాక ఈ కడ్డీని కూడా విరగ్గొట్టి పాత్రను విడదీస్తారు.

అంటే పంటీ అతుకును వేసేదే చివరికి విరగ్గొట్టడానికి. పనంతా ముగిసేదాకా పాత్ర బరువు మోయాలి, ఆ తర్వాత ఒక్క దెబ్బకు వదిలేయాలి. అతుకు మరీ గట్టిదైతే అడుగు పెంకు లేస్తుంది, మరీ బలహీనమైతే పాత్ర నేలపాలవుతుంది. పంటీ వేయడంలోని నేర్పంతా ఈ తూకంలోనే ఉంది.

పంటీ, పాంటిల్, పుంతెల్లో... ఇవన్నీ ఒకటేనా?

ఒకటే. పాంటిల్ ఫ్రెంచి మాట. అది ఇటాలియన్ 'పుంతెల్లో' నుంచి వచ్చి ఉంటుందని నిఘంటువులు చెబుతాయి. దాని వెనక ఉన్నది మొన, బిందువు అనే అర్థం గల 'పుంతో'. ఇంగ్లీషు మాట్లాడే పనిశాలల్లో అది నోటివాడుకలో పంటీగా మారింది. పనివాళ్లు ఎక్కువగా పంటీ అంటారు, సేకరించేవాళ్లు, మ్యూజియంలవాళ్లు పాంటిల్ అంటారు. తెలుగులో రాసేటప్పుడు చివరి దీర్ఘం వదలకండి. 'పంటి' అని రాస్తే చదివేవాళ్లకు పన్ను గుర్తొస్తుంది.

కడ్డీ పంటీయా, అతుకు పంటీయా, మచ్చ పంటీయా?

సందర్భాన్ని బట్టి అన్నీ. 'పంటీ అందుకో' అంటే కడ్డీ. 'పంటీ చల్లారిపోయింది' అంటే కడ్డీ కొనన ఉన్న గాజు. 'ఇక పంటీ చేద్దాం' అంటే పాత్రను గొట్టం నుంచి కడ్డీకి మార్చే పని. మచ్చ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'పాంటిల్ మచ్చ' అని పూర్తిగా చెప్పడమే మేలు, లేకపోతే వినేవాడు కడ్డీ అనుకుంటాడు.

ఊదుగొట్టానికీ పంటీకీ తేడా ఏమిటి?

ఊదుగొట్టం లోపల బోలుగా ఉంటుంది, పంటీ నిండు కడ్డీ. పొడవు రెండింటికీ సుమారు 1.2 నుంచి 1.5 మీటర్లు. చిన్న గ్లాసులకు 10–12 మి.మీ. మందం కడ్డీ చాలు, బరువైన కూజాలకు, పెద్ద గిన్నెలకు 20–25 మి.మీ. వాడతారు. ఇప్పుడు కొన భాగం స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవి ఎక్కువ. మామూలు ఇనుము కాలినప్పుడు పొలుసులు రాలి గాజులో నల్లని చుక్కలుగా చిక్కుకుంటాయి, స్టీలుతో ఆ బెడద తక్కువ.

ఇది ఎంత పాత పద్ధతి?

గాజు ఊదడం క్రీ.పూ. 1వ శతాబ్దంలో మధ్యధరా సముద్రం తూర్పు తీరంలో మొదలైంది. రోమన్ పాత్రల అడుగున పాంటిల్ మచ్చలు క్రీ.శ. 1వ శతాబ్దం రెండో సగం నుంచి కనిపిస్తాయి. అంతకు ముందరి పాత్రల్లో చాలావాటికి మూతిని విరగ్గొట్టి, ఆ అంచును అరగదీసి వదిలేసేవారు. నిప్పు మీద గుండ్రంగా తిప్పిన పెదవి, వెలుపలికి విచ్చుకున్న మూతి వాడుకలోకి రావడానికి పంటీ దారి చేసింది.

## సిద్ధం చేసేటప్పుడు

కడ్డీ కొనను ముందుగా ఎందుకు కాల్చాలి?

చల్లటి ఇనుముకు గాజు అంటదు. అంటినట్టు కనిపించినా జారిపోతుంది. కొన మసక ఎరుపుకు వచ్చేదాకా వేడి చేసి, అప్పుడు కరిగిన గాజులో ముంచి తిప్పాలి. తళతళలాడే నారింజ రంగు దాకా కాల్చడం కూడా తప్పే. ఇనుము పొలుసులు లేస్తుంది, వేడి చేతి వైపు ఎక్కుతుంది, గాజు కొనన నిలవక జారుతుంది.

పంటీకి ఎంత గాజు తీసుకోవాలి?

కొత్తవాళ్లు ఎప్పుడూ ఎక్కువే తీసుకుంటారు. మంచినీళ్ల గ్లాసంత పాత్రకు కడ్డీ కొనన బొటనవేలి చివరంత గాజు సరిపోతుంది. అతుకు అడుగున 15–20 మి.మీ. వెడల్పు ఉంటే చాలు. పెద్ద గిన్నెకు ఇంకా కావాలి కాబట్టి రెండుసార్లు ముంచుతారు: మొదటిది కాస్త గట్టిపడ్డాక దానిపై రెండోది. అతుకు వెడల్పు పెరిగిన కొద్దీ విడదీసేటప్పుడు అడుగు దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. అందుకే బరువు మోయగలిగినంతలో అతి చిన్నది ఎంచుకోవాలి.

కొనను ఏ ఆకారంలో దిద్దాలి?

గాజు తీసుకోగానే మార్వర్ మీద, అంటే నున్నటి ఉక్కు పలక మీద, దొర్లించి కడ్డీకి సూటిగా ఉండేలా పొట్టి స్తంభంలా చేయాలి. కడ్డీ కొన కంటే గాజు ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకు ఉండాలి. ఇనుము పాత్రకు మరీ దగ్గరైతే అడుగులోని వేడిని లాగేసి పగుళ్లు తెస్తుంది.

కొన ముఖం విషయంలో పద్ధతులు వేరువేరు. చదునైన ముఖం మామూలు పనికి. బరువు తక్కువ పాత్రలకు ముఖాన్ని కత్తెరతో అడ్డంగా, నిలువుగా నొక్కి నాలుగు చిన్న బుడిపెలు చేస్తారు. పాత్రను తాకేది ఆ నాలుగు చోట్లే కాబట్టి సులువుగా విడిపోతుంది, మచ్చ చిన్నది. ముఖాన్ని ఇసుకలో అద్ది అంటించడం పాత పద్ధతి. ఇసుక రేణువుల వల్ల అతుకు పూర్తిగా కలిసిపోదు. ముఖానికి కాస్త వెనక జాక్స్‌తో, అంటే స్ప్రింగులా విచ్చుకునే రెండు అలుగుల పెద్ద చిమటాతో, సన్నని నొక్కు పెడితే, తర్వాత విరిగేది సరిగ్గా అక్కడే. ఈ నొక్కు మరచిపోవడం వల్లే ఎక్కువ అడుగులు పాడవుతాయి.

పాత్ర వైపు ఏమేం సిద్ధంగా ఉండాలి?

రెండు. ఒకటి, ఊదుగొట్టం దగ్గర మెడ మీద జాక్స్‌తో చేసిన లోతైన నొక్కు. ఆ నొక్కు పాత్ర మొత్తంలో అతి సన్నని, అతి చల్లని చోటు కావాలి. రెండు, అడుగు చదునుగా ఉండి మధ్యలో కొంచెం లోపలికి ఒత్తి ఉండాలి. అలా ఒత్తితే పంటీ మచ్చ బల్లను తాకదు, పాత్ర ఊగదు.

## అంటించేటప్పుడు

ఎంత వేడి మీద అంటించాలి?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. ఒక్క అంకె చెబితే సరిపోదు, ఎందుకంటే ఇక్కడ మూడు వేడులు ఉన్నాయి. సోడా–సున్నం గాజును, అంటే మామూలు గాజును, మూసలోంచి (గాజు కరిగించే పాత్రలోంచి) తీసేది 1100–1150 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆ వేడితోనే పంటీని నేరుగా అంటిస్తే అది తేనెలా కారి, అడుగులోకి కలిసిపోతుంది, మళ్లీ ఊడదు. పంటీ గాజు ఎరుపు తగ్గి, ఆకారం నిలుపుకునే స్థితికి రావాలి. ముఖం మాత్రం తాకితే అంటుకునేంత వేడిగా ఉండాలి.

పాత్ర అడుగు ఎర్రదనం పోయి గట్టిపడి ఉండాలి, అయితే పగులు పుట్టేంత చల్లారకూడదు. సోడా–సున్నం గాజు పైపొర 540 డిగ్రీల కిందికి దిగితే ప్రమాదం మొదలైనట్టే. మూడోది మెడ నొక్కు: అది అన్నిటికన్నా చల్లగా ఉండాలి. పంటీ వేడి, అడుగు మధ్యస్తం, మెడ చల్లన. ఈ వరుస తప్పితే పాత్ర అనుకున్నచోట విరగదు.

కంటికి తెలిసే గుర్తు ఒకటుంది. పంటీని అడుగుకు తాకించినప్పుడు ముఖం వెంటనే చప్పగా పరుచుకుంటే వేడి ఎక్కువ. అసలు మారకుండా టక్కుమని చప్పుడైతే వేడి తక్కువ. అంచు కొద్దిగా ఒదిగి ఆగితే సరి.

మొదటి నుంచి చివరిదాకా వరుస చెప్పండి.

ఈ పనికి ఇద్దరు కావాలి. ప్రధాన పనివాడు బెంచీ మీద కూర్చుని గొట్టాన్ని తిప్పుతుంటాడు, సహాయకుడు పంటీ తెస్తాడు.

1. పాత్రను చివరిసారి వేడి చేసి, గొట్టాన్ని బెంచీ పట్టాల మీద ఉంచాలి. మెడ నొక్కును జాక్స్‌తో మరోసారి బిగించాలి.
2. సహాయకుడు పంటీ తెచ్చేలోగా అడుగు సమంగా ఉందో లేదో చూసుకోవాలి.
3. పంటీ కొనను జాక్స్‌తోగానీ చిమటాతోగానీ పట్టి సరిగ్గా అడుగు నడిమధ్యకు నడిపించాలి. నడిపించేది కూర్చున్నవాడు; సహాయకుడు కడ్డీని తేలిగ్గా పట్టుకోవాలి, తోయకూడదు.
4. తాకాక నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి కడ్డీ, గొట్టం ఒకే గీతలో ఉన్నాయా అని చూడాలి. వంకర ఉంటే ఇప్పుడే సరిచేయాలి.
5. ఆరు నుంచి పది సెకన్లు ఆగాలి. అతుకు గట్టిపడుతుంది.
6. మెడ నొక్కు మీద ఒకటి రెండు నీటి చుక్కలు. ఒక్క చుక్క కూడా పాత్ర గోడ మీద పడకూడదు.
7. గొట్టం మీద చెక్కతో పొడిగా ఒక్క దెబ్బ. మెడ విరుగుతుంది, పాత్ర పంటీ మీద నిలుస్తుంది.
8. ఆలస్యం చేయకుండా గ్లోరీ హోల్‌లోకి, అంటే మళ్లీ వేడి చేసే కొలిమిలోకి. మొదట కొన్ని సెకన్లు మాత్రమే ఉంచి తీసి, మళ్లీ పెట్టాలి. విరిగిన అంచు చల్లగా ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా వేడి తగిలితే చిట్లుతుంది.

నీటి చుక్క ఎందుకు? ఊరికే కొడితే విరగదా?

విరుగుతుంది, ఎక్కడ విరుగుతుందో చెప్పలేం. నీరు తగిలినచోట పైపొర చటుక్కున ముడుచుకుంటుంది, లోపలి గాజు ఇంకా వ్యాకోచించే ఉంటుంది. ఆ లాగుడుకు పైపొరలో సన్నని పగుళ్లు పుడతాయి. తర్వాత పడే దెబ్బ ఆ పగుళ్లనే చుట్టూ పాకిస్తుంది. నీళ్లు పోయనక్కర్లేదు, చిమటా కొనను నీటిలో ముంచి నొక్కులో తాకించినా చాలు.

మెడ విరగ్గొట్టగానే పాత్ర పంటీ నుంచి కూడా ఊడి పడిపోయింది. ఏం తప్పు చేశాను?

చాలాసార్లు తప్పు పంటీది కాదు, మెడది. నొక్కు లోతుగా లేకపోతే గట్టిగా కొట్టాల్సి వస్తుంది, ఆ అదురుకు అతుకు ముందే ఊడిపోతుంది. తేలికపాటి దెబ్బకు విరగకపోతే ఇంకా గట్టిగా కొట్టకండి. నొక్కులో మరో చుక్క వేసి కొట్టండి. మెడ బాగానే ఉన్నా ఊడిందంటే పంటీ దారిలోనే చల్లారిపోయి ఉంటుంది, లేదా అడుగు చల్లబడి ఉంటుంది. మూసకూ బెంచీకీ మధ్య నడక ఎక్కువగా ఉన్న పనిశాలల్లో పంటీని తెచ్చే దారిలో ఒక్క క్షణం గ్లోరీ హోల్‌లో చూపించి తేవడం మంచి అలవాటు.

పంటీ పక్కకు అంటుకుంది. పాత్రను తిప్పితే గానుగలా ఊగుతోంది.

అతుకును మాత్రమే చిన్న టార్చితో (గ్యాసు మంటతో) వేడి చేసి, పాత్రను కిందికి వేలాడదీస్తే దానంతటదే సూటిగా సర్దుకుంటుంది. తర్వాత అతుకును గాలికి చల్లార్చాలి. అతుకు స్థానమే నడిమధ్యకు రెండు మూడు మి.మీ. దూరంలో ఉంటే ఈ చిట్కా కోణాన్ని సరిచేస్తుంది, స్థానాన్ని కాదు. అప్పుడు మూతి ఒక వైపు మందంగా, ఒక వైపు పల్చగా తెరుచుకుంటుంది. గాజు ఇంకా గొట్టం మీదే ఉంటే పంటీని విరిచేసి కొత్తది వేయడం మేలు.

## కడ్డీ మీద మూతి పని చేసేటప్పుడు

పంటీ మీద ఎంతసేపు పని చేయవచ్చు?

గంటలు లెక్కకాదు, వేడి లెక్క. మూతిని వేడి చేస్తూ అడుగునూ అతుకునూ మరచిపోవడమే ఇక్కడి ప్రమాదం. గ్లోరీ హోల్ 1150–1250 డిగ్రీలు ఉంటుంది, మూతి లోపలికి పోతుంది, అతుకు బయటే ఉండి చల్లారుతుంది. రెండు మూడు సార్లు మూతిని వేడి చేశాక ఒకసారి పాత్రను పూర్తిగా లోపలికి పెట్టి, అతుకు దాకా క్షణంసేపు వేడి తగలనివ్వాలి. దీర్ఘకాలం సాగే పనిలో సహాయకుడు అతుకు మీద టార్చి ఆడిస్తూ ఉంటాడు.

పంటీ మెత్తబడి పాత్ర వేలాడుతోంది.

లోపలికి మరీ ఎక్కువ పెట్టారు. వెంటనే బయటికి తీసి, వేగంగా తిప్పుతూ అతుకు మీద ఊదండి. నీళ్లు వద్దు, నీళ్లు వేస్తే విడదీసినట్టే.

తిప్పడం ఎప్పుడు ఆపవచ్చు?

ఎర్రదనం ఉన్నంతవరకు ఆపకూడదు. మెత్తని గాజు కిందికే జారుతుంది.

## విడదీసేటప్పుడు

పాత్రను కడ్డీ నుంచి ఎలా విడదీయాలి?

పంటీ గాజు మీద ముందే నొక్కు పెట్టి ఉంటే దాని మీద నీటి చుక్క వేసి, కడ్డీ మధ్యలో చెక్కతో ఒక దెబ్బ. కొందరు తడి ఆకురాయితో అతుకు చుట్టూ ఒక గీత గీస్తారు. దెబ్బ కడ్డీ మీదే, పాత్ర మీద కాదు. వేడిని తట్టుకునే చేతి తొడుగులు వేసుకున్నవాడు పాత్రను పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. చిన్న పాత్రలైతే ఇసుక పెట్టెలోనో, వేడిని తట్టుకునే మెత్తటి పరుపు మీదనో పడేలా చేస్తారు.

అడుగు నుంచి పెంకు లేచిపోయింది. ఎందుకు?

పంటీ అడుగు గాజులో కలిసిపోయింది. అంటించేటప్పుడు వేడి ఎక్కువైంది, లేదా తర్వాత అతుకు మళ్లీ మళ్లీ బాగా వేడెక్కింది, లేదా నీరు నొక్కులో కాక పాత్ర అడుగున పడింది. పలచని అడుగు ఉన్న పాత్రల్లో ఇది రంధ్రం దాకా పోతుంది. లేచిన పెంకు లోతు అడుగు మందంలో సగం దాటకపోతే అరగదీసి కాపాడవచ్చు.

విడదీశాక బయట ఉంచి చల్లార్చకూడదా?

కూడదు. సోడా–సున్నం గాజుకు ఎనీలింగ్ (మంద శీతలీకరణం) 480–510 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. పాత్ర ఆ వేడి మీద ఉంచిన కొలిమి పెట్టెలోకి వెంటనే వెళ్లాలి; వేడిని కొంతసేపు నిలిపి, తర్వాత రాత్రంతా మెల్లగా దించుతారు. బయట చల్లారిన పాత్ర బాగానే ఉన్నట్టు కనిపించి, మర్నాడో వారానికో దానంతటదే పగులుతుంది. పగులు తరచుగా పంటీ మచ్చ దగ్గరే మొదలవుతుంది, అక్కడ గాజు మందం ఒక్కసారిగా మారుతుంది కాబట్టి.

పంటీ మచ్చను నున్నగా చేయడం ఎలా?

వేడిగా ఉండగానే చేసే దారి: విడదీసిన వెంటనే మచ్చ మీద టార్చి చూపి కరిగించడం. మెత్తబడ్డాక లోహపు ముద్ర ఒత్తితే పనివాడి గుర్తు పడుతుంది. చల్లారాక చేసే దారి అరగదీయడం. సిలికాన్ కార్బైడ్ అనే అరగదీసే పొడి 80 లేదా 120 నంబరుతో (నంబరు పెరిగితే పొడి సన్నన) మొదలుపెట్టి 220, 400, 600 మీదుగా వెళ్లి, ప్యూమిస్, చివరికి సీరియం ఆక్సైడుతో మెరుగు పెడతారు. ముందు నంబరు గీతలు పూర్తిగా పోకుండా తర్వాతి నంబరుకు వెళ్తే మెరుగులో అవి బయటపడతాయి. పనంతా నీటి ధారలోనే చేయాలి: పొడిగా అరగదీస్తే గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రాపిడి వేడికి పాత్ర కూడా పగులుతుంది.

## పాత గాజులో మచ్చ చూసేటప్పుడు

పాంటిల్ మచ్చ ఉంటే అది పాతదేనా?

కాదు. ఈ రోజు చేతితో ఊదే పాత్రలకూ ఆ మచ్చ పడుతుంది, నకళ్లకు కావాలనే వదిలేస్తారు. మచ్చ చెప్పేది ఒక్కటే: ఈ పాత్రను వేడిగా ఉండగా అడుగు నుంచి పట్టుకున్నారు. అచ్చులో ఊదిన సీసాలకూ పంటీ వేసేవారు, కాబట్టి మచ్చ ఉన్నంత మాత్రాన అచ్చు వాడలేదనీ చెప్పలేం. మచ్చ లేకపోతే పాతది కాదని కూడా అనకూడదు. 18వ శతాబ్దం చివరి నుంచి మంచి గ్లాసులకు దాన్ని అరగదీసి మెరుగు పెట్టడం పెరిగింది. అడుగు అంచు అరుగుదల, గాజు రంగు, మూతి చేసిన తీరు కలిపి చూడాలి.

మచ్చల్లో రకాలు ఎలా గుర్తుపట్టాలి?

గరుకుగా, చిన్న గుండ్రటి విరుపులా ఉంటే గాజు కొన కడ్డీది. ఉంగరంలా మధ్యలో ఖాళీ ఉంటే పంటీ బదులు ఊదుగొట్టాన్నే వాడారు. చుక్కలుగా, గరుకు పొడిలా ఉంటే ఇసుక పంటీ. ఎర్రగా, నల్లగా, బూడిద రంగులో పొరలా అంటుకుని ఉంటే వట్టి ఇనుమును ఎర్రగా కాల్చి నేరుగా అంటించినది. అమెరికా సీసాల్లో ఇది 1840ల నుంచి 1860ల దాకా ఎక్కువ. ఆ రంగు ఇనుప ఆక్సైడు. మురికి అనుకుని ఆమ్లంతో కడిగేయకండి, పోయిన గుర్తు తిరిగి రాదు.

మా సీసా అడుగున గుండ్రటి గీత ఉంది. పాంటిలేనా?

వేలితో తడమండి. గీత సన్నగా, ఈకల్లాంటి అంచుతో, తరచుగా మధ్యకు కాస్త పక్కగా ఉంటే అది యంత్రం వదిలిన కోత గుర్తు కావచ్చు. మైకేల్ ఓవెన్స్ 1903లో రూపొందించిన సీసాల యంత్రం గాజును పీల్చుకుని కింద కత్తితో కోసేది, ఆ గుర్తే ఇది. యంత్రపు సీసాకు అచ్చు అతుకు గీత మూతి పైదాకా పాకుతుంది, ఆ ఒక్కటీ చూస్తే సందేహం తీరుతుంది.

పాత కిటికీ అద్దం మధ్యలో గుండ్రటి బుడిపె ఉంటుంది. అదీ పంటీయేనా?

అవును. క్రౌన్ గాజు చేసేటప్పుడు ఊదిన బుడగను పంటీకి మార్చి, మూతి తెరిచి, వేడి చేస్తూ వేగంగా తిప్పితే అది మీటరుకు పైగా వెడల్పున్న పళ్లెంలా విచ్చుకునేది. పంటీ అంటిన నడిమి భాగం మాత్రం మందంగా మిగిలేది. మంచి అద్దాలు చుట్టూ ఉన్న భాగం నుంచి కోసేవారు, మందపాటి నడిమి ముక్కను చవగ్గా వేరే కిటికీలకు వాడేవారు. ఇప్పుడు అలంకారం కోసం ఆ ముక్కనే ప్రత్యేకంగా చేస్తున్నారు.

పంటీ లేకుండా సీసాలు ఎలా చేశారు?

19వ శతాబ్దం మధ్యలో స్నాప్ కేస్ వచ్చింది: సీసా ఒంటిని చుట్టూ పట్టుకునే స్ప్రింగు చేతుల పట్టు. అడుగును తాకకుండానే మూతి పని చేయవచ్చు. 1860ల తర్వాత సాధారణ సీసాల అడుగున పాంటిల్ మచ్చలు అరుదవడానికి అదే కారణం.

టార్చి ముందు చేసే చిన్న గాజు పనిలోనూ పంటీ అంటున్నారు. అదేమిటి?

అక్కడ పంటీ ఇనుము కాదు, గాజు కడ్డీయే. గోళీ, పూస, చిన్న బొమ్మ చివర పట్టుకోవడానికి 6–8 మి.మీ. కడ్డీ కొనను వేడి చేసి అంటిస్తారు. వేడి తక్కువగా అంటిస్తే తేలిగ్గా ఊడుతుంది, కొద్దిసేపటి పనికి సరిపోతుంది. పూర్తిగా కరిగించి అంటిస్తే బలంగా నిలుస్తుంది, తర్వాత మంటలో లాగి కోయాలి. ఒక్క షరతు తప్పనిసరి: పంటీ కడ్డీ, వస్తువు ఒకే వ్యాకోచ గుణకం ఉన్న గాజు, అంటే వేడికి ఒకే మేరకు పెరిగే గాజు, కావాలి. వేడికి తక్కువగా వ్యాకోచించే బోరోసిలికేట్ గాజు వస్తువుకు మెత్తని సోడా–సున్నం కడ్డీ పూర్తిగా కరిగించి అంటిస్తే, కడ్డీ తీసేశాక మిగిలిన చిన్న చుక్కే చల్లారుతూ చుట్టూ పగుళ్లు తెస్తుంది.